అత్త వేసుకున్న సల్వార్

పోయిన మంగళవారం పొద్దున్నే తమ్ముడు బెంగాల్లో మేం పెరిగిన టికియాపారా నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది" అన్నాడు. టీ తాగి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. డెబ్బై ఎనిమిదేళ్లు.

ఆవిడ మా నాన్నకు అక్క. మావయ్య చిన్న వయసులోనే పోతే, రైల్వే క్వార్టర్లలో మా పక్కింట్లో ఉంటూ కుట్టుమిషను మీద ఇద్దరు పిల్లల్ని పెంచింది. అక్కడి తెలుగు ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆవిడే కుట్టేది. నా చిన్నప్పుడు మోచేతుల దాకా చేతులుండేవి. తర్వాత బుట్టచేతులొచ్చాయి, ఆ తర్వాత వీపు మీద తాళ్లు. ముసలమ్మలు గొణిగితే, "ఏసుకునేది ఆళ్లు. మీకేటి నొప్పి?" అనేది.

నాకు నది మీది వంతెన అవతల కాలేజీలో సీటొచ్చింది. రెండు బస్సులు మారాలి. చీరతో వేలాడలేక సల్వార్ కమీజ్ కావాలన్నాను. నాన్న ఒప్పుకోలేదు.

"మనోళ్లలో ఎవులూ ఏసుకోనేదు. సీర కట్టుకుని ఎల్తే ఎల్లు, నేకపోతే సదువు మానీ."

అత్త పక్కనే ఉండి విన్నది. ఆదివారం కుళాయి దగ్గర అందరూ వరసలో ఉండగా, బిందె పట్టుకుని బయటికొచ్చింది. ఒంటి మీద ఆకుపచ్చ సల్వార్ కమీజ్, భుజాల నిండా చున్నీ. అప్పటికి ఆవిడకు యాభై ఏళ్లు.

"అక్కా, ఇదేటి ఏసం?" అన్నాడు నాన్న.

"ఎలగుందో సూడు. సీర కన్నా నిండుగా నేదేటి? నన్ను తిట్టగలిగితే తిట్టు, తరవాత నీ కూతుర్ని తిడుదువుగాని."

నాన్న ఆవిడ చేతిలో బిందె తీసుకుని, నీళ్లు పట్టి, ఇంట్లో పెట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే అత్త ఆ బట్టల కుట్లు విప్పి నా కొలతకు కుట్టింది. మర్నాడు అవే వేసుకుని కాలేజీకి వెళ్లాను.

కొన్నాళ్లు కొందరు ఆవిడకు జాకెట్లు ఇవ్వడం మానేశారు. ఆవిడ బాధపడింది కానీ బయటపడలేదు. ఏడాది తిరిగేసరికి వాళ్లే కూతుళ్లను వెంటబెట్టుకుని సల్వార్ల కోసం వచ్చారు.

అత్త మాత్రం మళ్లీ ఎప్పుడూ వేసుకోలేదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"సిగ్గేసింది అమ్మీ. ఆ రోజు బిందె అడ్డమెట్టుకునే బయటికొచ్చాను."

నాకది అప్పటిదాకా తెలియదు.

కిందటేడు మా అమ్మాయికి జీన్స్ కొనడానికి న్యూ టౌన్‌లో బట్టల కొట్టుకు వెళ్తూ అత్తనూ తీసుకెళ్లాను. పిల్ల కొత్త ప్యాంటు వేసుకుని అద్దం ముందు నిలబడింది. అత్త మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుని, ప్యాంటు అంచు వెనక్కి మడిచింది. "ఏం చూస్తున్నారు, దిదా?" అని కొట్టులో అమ్మాయి, అమ్మమ్మను పిలిచినట్టు, బెంగాలీలో అడిగింది. ఆవిడ బొటనవేలు కుట్టు వెంబడే నెమ్మదిగా సాగుతోంది.