వంతెన మీద ఆగే బండి

మా మావయ్య పోయాడు. ఈ నెల మొదట్లో ఒక పొద్దున, కాలవ వంతెన మీద, తన మూడు చక్రాల బండిలో కూర్చునే పోయాడు. గుండెపోటు. ఎవ్వరూ చూడలేదని నేను అనను. వంతెన దిగువన పంచర్ షాపు సాయిబుగారు చూశారు, కొబ్బరిబోండాలమ్మే ఆవిడా చూసింది. చూసి, బ్యాటరీ డౌనయిందనుకుని ఊరుకున్నారు.

సాయిబుగారే నాకు ఫోన్ చేశారు. "ఎప్పట్లాగే హ్యాండిల్ మీద తల పెట్టుకుని కూర్చున్నారనుకున్నామమ్మా. దగ్గరికెళ్తే తిడతారు కదా. ఎండెక్కినా లేవకపోయేసరికి అప్పుడు అనుమానమొచ్చి కదిపాను" అంటూ ఏడ్చేశారు. ఆస్పత్రిలో డాక్టరుగారేమో, కాస్త ముందు తెచ్చుంటే ఏదన్నా ప్రయత్నం చేసేవాళ్ళం అన్నారు. ఆ మాట మింగేస్తే ఆయనకేం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు.

వాళ్ళెందుకలా అనుకున్నారో మీకు చెప్పాలి. చెప్పకపోతే, మా వీధిలో అనుకుంటున్నట్టే మీరూ "పాపం, దిక్కులేని చావు" అనుకుంటారు. ఆ పాపం అనే మాట వింటే మావయ్యకి ఒళ్ళు మండేది.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. వన్ టౌన్‌లో మోటార్ వైండింగ్ షాపులో పనిచేసేవాడు. ఒక లారీ గుద్దింది, రెండు కాళ్ళూ పడిపోయాయి. అప్పట్నుంచీ బెంజ్ సర్కిల్ వెనకాల సందులో మా ఇంట్లోనే, అమ్మా నేనూ ఆయనా. పరామర్శకొచ్చిన చుట్టాలని "కాళ్ళు చూద్దామనొచ్చారా? ఇవిగో, చూడండి, చూసి టీ తాగి వెళ్ళండి" అనేవాడు. చాలామంది టీ తాగకుండానే వెళ్ళిపోయారు. నాకు నవ్వొచ్చేది. అమ్మకి తల కొట్టేసినట్టుండేది.

ఎక్కడికి వెళ్ళాలన్నా ఆయన్ని ఎవరో ఒకరు ఎత్తాలి. ఆటోవాడు బస్తాని ఎత్తినట్టు ఎత్తి లోపల పడేస్తే, ఇంటికొచ్చాక అన్నం తినేవాడు కాదు. ఆయనకున్న కోరిక ఒక్కటే. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వన్ టౌన్ వెళ్ళి, తన పాత షాపు ముందు బండి మీదే కూర్చుని, సాసర్లో పోసుకుని టీ తాగి రావాలి. అంతకంటే ఏమీ అడగలేదు మనిషి. ఎవరో అమ్మేసిన కరెంటు బండి తెచ్చుకున్నాడు. దాని బ్యాటరీ చచ్చిపోయి ఉంది. లిథియం సెల్స్ తెచ్చి, వరండాలో చాప మీద కూర్చుని, ఒక్కో సెల్లూ మీటరుతో కొలిచి, వాటిని కలిపే నికెల్ పట్టీలు అతికి, పైన నీలం తొడుగు వేసి, కొత్త బ్యాటరీ తనే కట్టుకున్నాడు. స్క్రూలు నోట్లో పెట్టుకునే మాట్లాడేవాడు. సగం తిట్లు స్క్రూల మధ్యలోంచి వచ్చేవి.

ఆ ఎండాకాలమంతా బండి బంగారంలా నడిచింది. దసరా వెళ్ళాక మొదలైంది తద్దినం. చదును రోడ్డు మీద బాగానే పోతుంది, వంతెన ఎక్కేటప్పుడు ఓల్టేజి ధబేల్మని పడిపోతుంది, బ్యాటరీ పాడవకుండా దాని పక్కన పెట్టిన బోర్డు కరెంటు కట్ చేసేస్తుంది. నడి వంతెన మీద బండి ఆగిపోతుంది. వెనకాల హారన్లు. జనం వచ్చి తొయ్యబోతే "ముట్టుకోవద్దు! కాసేపాగితే అదే లేస్తుంది" అని అరిచేవాడు. నిజంగానే లేచేది. మోటారు బరువు లాగడం ఆపితే ఓల్టేజి మళ్ళీ పైకొస్తుంది. వచ్చేదాకా జనం మొహాలు చూడలేక హ్యాండిల్ మీద తల వాల్చేసి, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. సాయం చెయ్యబోయిన ప్రతివాడూ ఆయన చేత తిట్లు తిన్నాడు. పోనుపోను అందరికీ అలవాటైపోయింది.

లోపం ఎక్కడుందో వెతకడం మొదలెట్టాడు. ఇంట్లో కొలిస్తే ఓల్టేజి నిండుగా ఉంటుంది. "ఖాళీగా కూర్చున్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయే మొద్దూ. బరువు పడ్డప్పుడు కొలవాలి" అని నన్ను కేకలేసి, పాత ఆటో హెడ్‌లైట్లు వరసగా కట్టి బ్యాటరీకి తగిలించి, అవి వెలుగుతుండగా కొలిచేవాడు. మీటరు నేను పట్టుకోవాలి. చెయ్యి వణికితే తిట్లే. వైర్లు లావువి మార్చాడు. కనెక్టర్లు మార్చాడు. బోర్డు మార్చాడు. ఒక్క బ్యాటరీ తొడుగు మాత్రం విప్పలేదు. "నా చేతి అతుకు ఊడదు" అనేవాడు. అదొక్కటి తప్ప ప్రపంచంలో ఉన్నవన్నీ అనుమానించాడు మహానుభావుడు.

చివరికి ఒక ఆదివారం పొద్దున, వేరే దారి లేక, ఆ నీలం తొడుగు కోశాడు. నేను వంగి చూశాను. ఒక మూల పట్టీలు తుప్పు పట్టి ఉన్నాయి. నికెల్ అని అమ్మింది ఉత్త ఇనుమే. ఆ తుప్పు మీద పచ్చగా, మందంగా పొర. గోటితో గీకి వాసన చూశాడు.

పసుపు.

ఆ బండికి దసరాకి అమ్మ పూజ చేసింది. స్కూటరుకైతే ఇంజనుకి బొట్టు పెడతాం, దీనికి ఇంజనేదీ అని ఆవిడ చాలా ఆలోచించిందట. సీటు కింద డబ్బా తెరిచి, ఆ నీలం మూటే ప్రాణమని తేల్చుకుని, పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు దాని మీద చల్లింది. తొడుగు అతుకులోంచి తడి లోపలికి దిగింది. బండి ఆగడం మొదలయ్యాక తమ్ముడికి దిష్టి తగిలిందని భయపడింది. మావయ్యకి పూజలంటే గిట్టదు కాబట్టి చెప్పలేదు. ప్రతి శుక్రవారం ఆయన స్నానానికి వెళ్ళగానే డబ్బా తెరిచి పసుపునీళ్ళు చల్లేది. బండి ఎంత ఆగితే అంత భక్తి, ఎంత భక్తయితే అంత తుప్పు.

"అక్కా, ఇలా రా" అని పిలిచాడు మావయ్య. అరవలేదు. అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆ మూల చూడగానే మొహం పాలిపోయింది.

"దసరా పూజప్పట్నుంచీ ప్రతి శుక్రవారం పసుపునీళ్ళు చల్లుతున్నాను. నీ కోసమే కదరా" అంది.

"నా కోసం ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదనే కదక్కా ఇది కట్టుకుంది!"

"నువ్వు క్షేమంగా ఇంటికి రావాలనే..."

"ఆ లారీవాడు ఒక్కసారే గుద్దాడు" అన్నాడు మావయ్య. "నువ్వు శుక్రవారం శుక్రవారం గుద్దావు."

అమ్మ లోపలికెళ్ళి పొయ్యి కట్టేసింది. ఆ పూట మాకు వంట లేదు. మావయ్య మాత్రం మళ్ళీ మీటరు తీసి, బల్బులు వెలిగించి, ఆ పట్టీకి అటూ ఇటూ మీటరు ముళ్ళు ఆనించి "ఇదిగో, ఇక్కడే తింటోంది చూడు" అని నాకు చూపించాడు. ఎదురుగా అక్క గుండె పగలడం కనబడలేదు కానీ, ఆ పట్టీలో పడిపోతున్న ఓల్టేజి మాత్రం చక్కగా కనబడింది. ఆయన మీద నాకంత కోపం అంతకుముందెప్పుడూ రాలేదు. పని ఎలా చెయ్యాలో ఆయన దగ్గర నేర్చుకున్నాను. మాట ఎలా అనకూడదో కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

తుప్పు పట్టిన పట్టీలు పీకి కొత్తవి అతికాడు, అంచులన్నీ గమ్ముతో మూసేశాడు. మర్నాడు బండి వంతెన ఎక్కింది. ఇక ఒక్కసారి కూడా ఆగలేదు. రోజూ వన్ టౌన్, రోజూ టీ. సాయంత్రం వచ్చి అక్కడి కబుర్లన్నీ నాకు చెప్పేవాడు, వంటింట్లోకి వినబడేలా గట్టిగా. అమ్మ వినేది, పలికేది కాదు. వండి పెట్టేది, ఆయన తినేవాడు. అన్న మాట వెనక్కి తీసుకోలేదు. బండి వైపు అమ్మ మళ్ళీ వెళ్ళలేదు. ఒక్కసారి "ఎక్కక్కా, అలా తిప్పి తీసుకొస్తా" అంటే ఏమయ్యేది? ఆయనా అనలేదు, ఆవిడా అడగలేదు. ఇద్దరూ ఇద్దరే, మొండి ఘటాలు.

ఆయన పోయిన పొద్దున కూడా బ్యాటరీ నిండుగానే ఉంది. బాగుచేసుకున్నానని ఆయన వంతెన దగ్గర ఎవరికీ చెప్పుకోలేదు. బండి ఆగేసరికి, "మళ్ళీ మొదలైంది" అనుకున్నారు వాళ్ళు.

కర్మలన్నీ అయ్యాక సాయిబుగారి షాపు దగ్గరున్న బండి నేనే నడిపి తెచ్చాను. వంతెన గబగబా ఎక్కేసింది. కొబ్బరిబోండాలావిడ నన్ను చూసి "బ్యాటరీ బాగయిందా అమ్మా?" అంది. ఆవిడ ప్రేమగానే అడిగింది. నేను ఇంటిదాకా ఏడ్చుకుంటూ వచ్చాను.

బండి వాకిట్లో పెట్టి లోపలికెళ్ళాను. కాఫీ కలుపుకుని వచ్చేసరికి అమ్మ దాని దగ్గర నిలబడి ఉంది. చేతిలో పొడిగుడ్డ. సీటూ, హ్యాండిలూ, ఆ డబ్బా మూతా మెల్లగా తుడుస్తోంది. తుడుస్తూ ఏడుస్తోంది. ఒక్క చుక్కైనా దాని మీద పడకుండా, మొహం పక్కకి తిప్పుకుని.