అవ్వ పాటకు రాగం

వీడియో ఛానళ్ల పిల్లలు అప్పుడప్పుడు కరీంనగర్‌లోని నా స్టూడియోకు వస్తుంటారు. స్టూడియో అంటే పెద్దగా ఏమీ లేదు, ఒక షట్టర్ గది, గోడలకు పాత పరుపులు కొట్టి ఉంటాయి. మైకు నా మూతి ముందు పెట్టి అందరూ ఒకటే అడుగుతారు. "అన్నా, నీ డీజే పాటల్ల అరబ్బీ డప్పు ఉంటది, మరాఠీ రాగం ఉంటది, గోండు డోలు ఉంటది. ఇన్నింటిని కలపాలన్న ఆలోచన ఎట్లొచ్చింది?" ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆలోచనా లేదు, గీలోచనా లేదు. మా అవ్వ పాటకు రాగం వెతుక్కుంటూ పోయాను. దొరకని ప్రతిసారీ ఒక డీజే పాట తయారైంది. ఇదంతా మైకులో చెప్పాలని నాకు ఉండదు. "గట్ల వచ్చింది తమ్మీ" అని చాయ్ తాగించి పంపిస్తాను.

మేం అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. అవ్వ పాడుతుంటే నేను ఎన్నడూ వినలేదు. చూశాను.

మాది సిరిసిల్ల, మరమగ్గాల ఊరు. వాటిని మేం సాంచెలు అంటాం. బాపు ఒక కార్ఖానాలో సాంచెలు నడిపేవాడు. అవ్వ అదే కార్ఖానాలో ఒక మూలకు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. ఒక్క సాంచె నడిస్తేనే పక్క మనిషి మాట వినపడదు, అక్కడ వరుసలు వరుసలుగా నడిచేవి. అందుకని అందరూ పెదవులతోనే మాట్లాడుకునేవాళ్లు. గొంతు ఎత్తి లాభం లేదు కాబట్టి ఎత్తరు. నోరు మెల్లగా, వెడల్పుగా తెరిచి మాటను చూపిస్తారు. మా వాడలో పిల్లలకు బడి చదువు రాకపోయినా ఈ చదువు వచ్చేది. ఇంటికొచ్చాక కూడా అవ్వా బాపూ సగం మాటలు చప్పుడు లేకుండానే మాట్లాడుకునేవాళ్లు. పోట్లాట కూడా అట్లాగే. కంచం విసిరితే తప్ప పక్కింటికి తెలిసేది కాదు.

బాపుకు అన్నం గిన్నె తీసుకుని కార్ఖానాకు పోయినప్పుడల్లా అవ్వ పెదవులు కదులుతూ కనిపించేవి. ఎదురుగా ఎవరూ ఉండరు. ఎవరిని తిడుతోందో అనుకున్నాను. కొన్నాళ్లు చూశాక తెలిసింది, ఒకే వరుస మళ్లీ మళ్లీ వస్తోంది. పాడుతోంది. నూలు మూటల మీద కూర్చుని ఆ పెదవులు చదివాను. ప, బ, మ మూడూ పెదవి మీద ఒక్కతీరుగానే కనిపిస్తాయి కనుక కొన్ని మాటలు ఊహించుకోవాల్సి వచ్చింది.

"ఏ తొవ్వల రానవ్వా, ఏ బండ్ల రాను, పత్తి తెల్లని పొద్దుల నా పుట్టింటికి."

ఆ తర్వాత నాకు అందని మాటలు కొన్ని ఉండేవి. అవి మరాఠీ అని పెద్దయ్యాక తెలిసింది. అట్లా మాటలు పట్టుకున్నాను. దరువు వెతుక్కునే పని లేదు, అది సాంచెలదే. రాగం ఒక్కటే తెలియలేదు.

అవ్వ పుట్టిల్లు భైంసా. పత్తి బండ్ల ఊరు, సగం తెలుగు, సగం మరాఠీ. పెళ్లై వచ్చిన కొత్తలో వాకిలి ఊడుస్తూ పాడుకుంటుంటే మా నాయనమ్మా మేనత్తలూ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారట. "మరాఠోళ్ల కోయిల కూత్తుంది, ఇనుర్రి" అన్నారట. వాళ్లు నవ్వింది ఒక్క పూట. అవ్వ ఇంట్లో మళ్లీ పాడలేదు. పాట మాత్రం లోపల ఊరుకోలేదేమో, ఎవరికీ వినపడని చోటికి తీసుకుపోయి పాడుకుంది. నాయనమ్మ పోయిన తర్వాతైనా పాడొచ్చు కదా అని నాకు కోపం వచ్చేది. అవ్వకు అప్పటికి అదే అలవాటైపోయింది.

ఒక బతుకమ్మ పండుగకు, ఈసారి వినకుండా వదలను అని ఆడవాళ్ల మధ్యలో దూరి అవ్వ కొంగు పట్టుకుని తిరిగాను. చప్పట్లు అందరితో పాటే పడుతున్నాయి. పెదవులు అందరితో పాటే కదులుతున్నాయి. గొంతు లేదు. నేను తలెత్తి చూస్తుంటే నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. నాకు ఏడుపు ఆగలేదు. దెబ్బ తగిలి ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు, నేనూ కాదనలేదు.

పదో తరగతి తప్పి కరీంనగర్‌లో ఒక సౌండ్ బాక్సుల దుకాణంలో పనికి చేరాను. పెళ్లిళ్లకు బాక్సులు మోస్తూ, కంప్యూటర్ మీద పాటలు కోసి అతికించడం నేర్చుకున్నాను. మా మేనమామ మస్కట్‌లో మేస్త్రీ. ఆయన ఎప్పుడో తెచ్చిన క్యాసెట్లలో ఒకటి అరబ్బీ పాటలది. పాడింది ఎవరో తెలియదు, అట్ట మీది అక్షరాలు చదవరావు. కానీ ఆ డప్పు నడక అచ్చం సాంచె నడక. గొంతు పైకి లేచి వణికే చోట నాకు అవ్వ పెదవులు గుండ్రంగా తిరగడం కళ్లలో మెదిలింది. అవ్వ రాగం ఇట్లాంటిదే అయ్యుంటుందని నమ్మాను. అవ్వ మాటలను ఆ తీరు రాగంలో పెట్టి, ఒక పెళ్లి బ్యాండు అమ్మాయితో పాడించాను. నా పేరు బయటికి వచ్చింది ఆ పాటతోనే. అది మోగని బరాత్ లేదు. గల్ఫ్ క్యాంపుల్లో మనవాళ్లు లుంగీలు ఎగ్గట్టి దానికి ఆడుతున్న వీడియోలు నా ఫోనుకు వచ్చాయి.

సిరిసిల్ల పోయి అవ్వకు వినిపించాను. బియ్యం ఏరుతూ విన్నది.

"మంచిగున్నది. ఎవలదిది?"

"నీదే అవ్వా."

చేట మీద చెయ్యి ఆగింది. "నా పాట నీకెట్ల ఎరుక?"

"కార్ఖానాల నీ పెదవులు జూసి నేర్సుకున్న."

ముఖం పక్కకు తిప్పుకుంది. సిగ్గో, కోపమో నాకు అర్థం కాలేదు. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరి, చివరికి, "రాగం గిది కాదు" అన్నది.

"మరి ఎట్లుంటది?"

"నువ్వే దొరకవట్టు."

బాపును అడిగాను. అప్పటికి సాంచెలు ఆయన చెవులు రెండూ తినేశాయి, మాట పెదవి మీద చూపిస్తేనే తెలిసేది. "నాకు గూడ పెదవులే యాదికున్నయ్ బిడ్డా" అన్నాడు.

అక్కడి నుంచి భైంసా పోయాను. అవ్వ అక్క, మా పెద్దమ్మ, తిరగలి పక్కన కూర్చుని అవే మాటలను మరాఠీ తిరగలి పాట రాగంలో పాడింది. "మా అవ్వ పాడింది గిట్లనేనా?" అని అడిగితే, "మాటలు మా అమ్మయే. ఆ కార్ఖానాల మీ అవ్వ ఎట్ల పాడుకున్నదో, నేనున్ననా జూడ?" అన్నది. నేను ఆ రాగంతో రెండో పాట చేశాను. సరిహద్దు అవతల మహారాష్ట్రలో కూడా బాగా ఆడింది. అవ్వ విని "గిది మా అక్కది" అన్నది. ఇంకోసారి ఆదిలాబాద్ అడవి ఊళ్లో దండారి పండుగకు పోయి, అక్కడి పెద్దల అనుమతితో గోండుల డోలు రికార్డు చేసుకొచ్చి మూడో పాట చేశాను. "గిది వాళ్లది. నాది కాదు" అన్నది. నాకు విసుగొచ్చి, నీదేదో నువ్వే పాడొచ్చు కదా అన్నాను. పాడబోయి దగ్గింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

కార్ఖానాలో నూలు దుమ్ము గాలిలో తేలుతూనే ఉంటుంది. ముక్కుకూ నోటికీ కొంగు చుట్టుకుంటే కొంత ఆగుతుంది. కానీ కొంగు అడ్డం ఉంటే పెదవులు కనపడవు, పెదవులు కనపడకపోతే ఎవరికీ మాట అందదు. అందుకని మా వాళ్లెవరూ చుట్టుకోరు. అవ్వ ఏళ్ల తరబడి ఆ దుమ్ములో నోరు తెరిచి మాట్లాడింది, నోరు తెరిచి పాడింది. నేను ఎదురుగా కూర్చుని ముచ్చటపడి చదువుకున్నది ఆ తెరిచిన నోటినే. కరీంనగర్ డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి, ఊపిరితిత్తులు పాడైపోయాయని చెబుతుంటే నేను ఆ నోటినే తలుచుకున్నాను.

ఇంటికి ఆక్సిజన్ మిషన్ వచ్చింది. అప్పటికే ఆర్డర్లు లేక మా వాడలో కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. సాంచెలను ఊడదీసి తుక్కు ఇనుము కింద లారీలకు ఎక్కించారు. పుట్టినప్పటి నుంచి ఎన్నడూ లేనంత నిశ్శబ్దం మా వాడలో. ఇప్పుడు అవ్వ చిన్నగా కూనిరాగం తీసినా నాలుగిళ్ల అవతలికి వినపడుతుంది. తీయడానికి ఊపిరి లేదు. నాకు అందరి మీదా కోపం వచ్చింది, కార్ఖానా సేట్ల మీద, నవ్విన నాయనమ్మ మీద, దేవుడి మీద. ఆ కోపంతో ఏం చేయాలో తెలియక రోజూ మిషన్ పైపులు తుడుస్తూ కూర్చునేవాణ్ని.

ఒక మధ్యాహ్నం అవ్వ కాస్త తేటగా ఉంది. నేను మంచం పక్కన మైకు పెట్టి ఆన్ చేశాను. "అవ్వా, పాడకు. ఊకె ఒక్క కూత తియ్యి, మిగిలింది నేను జూసుకుంట" అన్నాను. మాస్కు కిందికి జరపమని సైగ చేసింది. జరిపాను. గొంతు రాలేదు. కార్ఖానాలో మాట్లాడినట్టే పెదవులు మెల్లగా, వెడల్పుగా తెరిచింది. బాపు గుమ్మంలో నిలబడి ఆయన కూడా చదువుతున్నాడు.

"రాగం నాకు తెల్వది బిడ్డా."

నాకు సరిగ్గా అందలేదేమో అనుకుని మళ్లీ చెప్పమన్నాను.

"పుట్టింటి రాగం సాంచెల కాడ ఎట్ల మారిందో, ఆ సప్పుడుల నా గొంతు నాకే ఏనాడు ఇనవడలే."

"మరి నేను తెచ్చినప్పుడల్ల గిది కాదు, గిది కాదు అన్నవ్ గదా?"

"నాదైతే ఇంటే తెలుస్తదనుకున్న. నువ్వు దొరకవడితే నేను గూడ ఒక్కపారి ఇందామనుకున్న."

మాస్కు మళ్లీ పెట్టాను. బాపు అక్కడి నుంచి వెళ్లి వాకిట్లో కూర్చున్నాడు. ఆ వారం తిరగకుండానే అవ్వ పోయింది.

ఆ మధ్యాహ్నం మైకు ఆన్‌లోనే ఉండి అంతా రికార్డయిందని నాకు చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది. షట్టర్ కిందికి గుంజి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మొదట నా గొంతు ఉంది, ఒక్క కూత తియ్యమని అడుగుతోంది. మళ్లీ చెప్పమని అడుగుతోంది. మరి గిది కాదు అన్నవ్ గదా అంటోంది. అవ్వ మాట్లాడిన చోట్లల్లా ఆక్సిజన్ మిషన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.