ఓటమి ఎరుగని మా కార్పొరేటర్

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. చినుకు పడితే తుపానంటాను. పది మాటల్లో రెండు నమ్మితే చాలు.

సికింద్రాబాద్ స్టేషన్ వెనక మా గల్లీలో ఒక లాయరు ఉన్నాడు. మే నెలలో సైతం నల్లకోటు విప్పడు. స్నానం కూడా దాంతోనే అని నా అనుమానం. ఒకసారి డ్రైనేజీ పైపుల కోసం గల్లీ తవ్వబోతే, ఇళ్ల గోడలు కూలతాయని తన పేరు మీదే కేసు వేసి స్టే తెచ్చాడు. అంతకుముందు మాకు స్టే అంటే లాడ్జిలో దిగడమే. ఆయన ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి జీపు మీద ఊరేగించాడు. ఆ ఊపులోనే ఎన్నికల్లో నిలబడి కార్పొరేటరయ్యాడు.

తర్వాత వాన కురిసింది. పైపుల్లేని గల్లీలో నీళ్లు ఎక్కడికి పోతాయి? పల్లంలో ఉన్న టీచరమ్మ ఇంట్లోకి పోయాయి. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడి మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. ఆవిడ బియ్యం డబ్బా ఈదుకుంటూ వరండాలోకి రావడం నా కళ్లతో చూశాను.

మళ్లీ వానలు మొదలయ్యేలోపు పైపులు పడాలని ఆవిడ నన్ను వెంటబెట్టుకుని కార్పొరేటర్ ఆఫీసుకు వెళ్లింది.

"పని శాంక్షనైంది టీచరమ్మా. గానీ స్టే ఉంది గదా," అన్నాడాయన.

"ఎవరు తెచ్చారండీ?"

"నేనే."

"మరి కేసు వెనక్కి తీసుకోండి."

ఆయన ముఖం కోటుకన్నా నల్లబడింది. "ఇన్నేండ్ల ప్రాక్టీసుల ఒక్క కేసు సుత ఓడలే. ఇప్పుడు వాపస్ తీస్కుంటే కోర్టుల అందరు నవ్వరా? జెర ఆగుండ్రి, వాయిదా ఉంది."

వాయిదాలు అడిగేదీ ఆయనే. నా లెక్కన అప్పటికి తొమ్మిదొందలు.

"అన్నా, ఇంకో వాయిదా అయితే టీచరమ్మ పడవ కొనుక్కోవాలె," అన్నాను.

"నువ్వు ఊకోవే, పరేషాన్ చెయ్యకు."

టీచరమ్మ బోర్డు దగ్గర నిలబడ్డట్టు నిలబడింది. "కార్పొరేటర్ గారూ, స్టే తెచ్చిన లాయరు మీరు. దాన్ని తీయించాల్సిన కార్పొరేటరూ మీరే. లాయరు ఓడితే కార్పొరేటరు గెలిచినట్టేగా అండీ?"

ఆయన కుర్చీలోంచి లేచాడు. "గిది పాయింటు!"

మర్నాడే కేసు వెనక్కి తీసుకున్నాడు. 'మొండి లాయరును ఓడించిన మన కార్పొరేటర్' అని ఫ్లెక్సీ లేచింది. విమానంలోంచి చూసినా చదవొచ్చు. వారంలో పైపులు దిగాయి, గల్లీ తవ్వారు, పూడ్చారు, నీళ్లు బుద్ధిగా భూమిలోంచి పోయాయి.

ఇక్కడిదాకా రాసి టీచరమ్మకు చదివి వినిపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుంది.

"పైపులు వేశారా? నేను చూళ్లేదే! అయితే నీళ్లొస్తాయని అటకెక్కించిన పుస్తకాలు దింపెయ్యనా?"

దింపొద్దన్నాను. కేసు వాపసు నిజం, ఫ్లెక్సీ నిజం. పైపులు మాత్రం నేను కల్పించాను. బయట మబ్బు పట్టింది. కిందున్న నాలుగు పుస్తకాలు కూడా ఇద్దరం కలిసి పైకెక్కించాం.