సందేహాలన్న గొంతు పోయిన రోజు

మా సందేహాలన్న ప్రశ్న అడగకుండా కూర్చున్న చరిత్ర క్లాసు అంటూ ఒక్కటి లేదు. అతని అసలు పేరు హాజరుపట్టీకి తెలుసు, మాకు అక్కర్లేకపోయింది.

మాష్టారిదొక పద్ధతి. ముందు నిన్నటి పాఠంలో సందేహాలు, తర్వాత హాజరు, ఆపైన కొత్త పాఠం. ఆయన “సందేహాలున్నాయా?” అనడమే ఆలస్యం, నాకు అటుపక్కన, కిటికీ దగ్గర్నుంచి చెయ్యి లేచేది.

“సార్, కోటగోడ చాలా ఎత్తన్నారు. కొలిచిందెవరు సార్? లోపలివాళ్లా, బయటివాళ్లా?”

“బయటివాళ్లే అనుకో.”

“మరి కొలుస్తుంటే పైనుంచి బాణాలు వెయ్యలేదా సార్?”

మాష్టారు సుద్దముక్క బల్లమీద పెట్టి ఓపిగ్గా మొదలుపెట్టేవారు. మేం తలలు బల్లలకు ఆనించేవాళ్లం. సందేహాలన్న మాత్రం తలాడిస్తూ కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఉన్నట్టుండి, మాష్టారు వాక్యం మధ్యలో ఉండగానే, “అర్థమైంది సార్” అని చటుక్కున కూర్చునేవాడు. ఇంత పొగరేమిటని నాకు ఒళ్లు మండేది.

అసలే ప్రాణాలు తోడేస్తున్న రోజులవి. మూడు వ్యాసాలూ ఒకే వారంలో ఇవ్వాలి. చదవాల్సిన పుస్తకం లైబ్రరీలో ఒక్కటే ఉంటుంది, అదీ ఎప్పుడూ ఇంకొకరి దగ్గరే ఉంటుంది. తీరా దొరికితే, తెరిస్తే నిద్ర, మూస్తే భయం.

“అన్నా, నీకు దండం పెడతాను. ఒక్కరోజు నోరు మూసుకోవా?” అన్నాను ఒకసారి.

“సందేహం లోపల దాచుకుంటే కడుపుబ్బరం చెల్లీ.”

మాలో అందరికన్నా నలిగిపోయింది పిన్ని. ఆవిడ మాలో ఎవరికీ పిన్ని కాదు. పిల్లల్ని బడికి పంపి తను చదువుకోవడానికొచ్చే పెద్దావిడ గనక అందరికీ పిన్నే అయింది. హాజరు చాలలేదని పోయినేడు భాష పేపరు రాయనివ్వలేదు. ఆ క్లాసులు మళ్లీ జూనియర్లతో కూర్చుని వినాలి. అవి రోడ్డవతలి భవనంలో. అక్కడ క్లాసు ముగియకముందే ఇక్కడ చరిత్ర మొదలవుతుంది. పేరు పిలిచాక వచ్చినవాళ్లకు హాజరు లేదన్నది ఆఫీసువారి రూలు. ఈసారి హాజరు తగ్గితే సీటే పోతుంది.

ఒక ఆడమనిషి ఒకే వేళకు రెండు భవనాల్లో ఉండాలని టైంటేబుల్ వేసిన మహానుభావులు ఆ రోడ్డు ఒక్కసారైనా దాటి ఉండరు. మేమంతా కలిసి అర్జీ ఇచ్చాం. దానిమీద టీగ్లాసు పెట్టుకున్నారు. పిన్ని మాత్రం రోజూ రొప్పుకుంటూ వచ్చి నా పక్కన కూలబడి, “హమ్మయ్య, ఇంకా పిలవలేదా! నా అదృష్టం బాగుంది” అనేది.

ఒకరోజు సందేహాలన్న మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. గొంతు పూర్తిగా పోయింది. వెనక బెంచీలవాళ్లు చప్పట్లు కొట్టారు.

“సందేహాలున్నాయా?” అన్నారు మాష్టారు.

అలవాటుగా చెయ్యి లేచింది. నోరు తెరుచుకుంది. తలుపు కీచుమన్నట్టు ఏదో శబ్దం వచ్చింది.

“పాపం, కూర్చోవయ్యా” అని మాష్టారు హాజరుపట్టీ తెరిచారు. అక్షరక్రమంలో మొదటి పేరు పిన్నిదే.

సందేహాలన్న మోచేత్తో నన్నొక్క పోటు పొడిచి కిటికీ వైపు చూపించాడు. బయట పిన్ని తెగిన చెప్పు చేతపట్టుకుని రోడ్డు దాటుతోంది, పరుగున.

కోటగోడ, బాణాలు, “అర్థమైంది సార్”... అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. లేచి నిలబడ్డాను.

“సార్, సందేహం!”

“నువ్వు కూడానా తల్లీ!” అని వెనకనుంచి ఎవరో మూలిగారు.

“కోటగోడ కొలిచారు కదా సార్... కొలిచాక... ఎవరికి చెప్పారు?”

ఆ ప్రశ్నకు నాకే సిగ్గేసింది. మాష్టారు కళ్లజోడు మీదుగా నన్ను చూశారు. తర్వాత కిటికీ వైపు చూశారు. హాజరుపట్టీ మూసి, సుద్దముక్క పక్కన పెట్టి, కోటకు పునాదులు తవ్వడం దగ్గర్నుంచి మొదలుపెట్టారు.

పిన్ని వచ్చి కూలబడింది. “హమ్మయ్య, ఇంకా పిలవలేదా!”

“అర్థమైంది సార్” అని కూర్చున్నాను.

మాష్టారు పట్టీ తెరిచి పిన్ని పేరు పిలిచి, హాజరు వేసి, సందేహాలన్న వైపు తిరిగారు.

“ఏమయ్యా, తొందరగా ఆ గొంతుకు వేణ్నీళ్లు పట్టించు. ఈ అమ్మాయి ప్రశ్నలకు జవాబు సాగదియ్యలేక చస్తున్నాను.”