నాన్న తుపాకీ, పక్కింటి జామీను

నాన్న పోయాక ఆయన వస్తువులు నన్నేమీ అడగలేదు. కళ్ళజోడు పెట్టెలో పడి ఉంది, చేతికర్ర తలుపు వెనక నిలబడి ఉంది. అడిగింది తుపాకీ ఒక్కటే. వారానికోసారి నూనె రాయకపోతే గొట్టానికి తుప్పు పడుతుంది. అందుకని ఆదివారం పొద్దున కాఫీ తాగి, ఆయన పాత బనీను చింపిన గుడ్డతో, ఆయన చేసినట్టే దానికి నూనె రాసేదాన్ని. ఆ ఇంట్లో నాతో పని ఉన్నది దానికే.

నేను ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పే మనిషిని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఇచ్చిన జవాబుల వల్లే సగం మంది చుట్టాలు మా గడప తొక్కడం మానేశారు. మిగతా సగం వేరే జవాబుల వల్ల మానేశారు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బెంగుళూరు పేటలోని పాత ఇంట్లో నాన్నా నేనూ ఉండేవాళ్ళం. తర్వాత నేను.

తుపాకీ మా ఇంటికి రావడానికి కారణం జామతోట. బెళ్ళందూరు చెరువు దిగువన ఉండేది. ఆ తోటలోకి పందులు దిగుతున్నాయని నాన్న అర్జీ పెట్టి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఒంటి గొట్టం తుపాకీ, నడుం దగ్గర మడిస్తే తెరుచుకునే రకం. దానితో ఆయన ఏ పందినీ కొట్టలేదని నా గట్టి నమ్మకం. ఏడాదికోసారి మాత్రం అది పేలేది. ఆయుధ పూజనాడు ఈ ఊళ్ళో మగ్గాలకూ జట్కా చక్రాలకూ కుంకుమ పెడతారు కదా, మా ఇంట్లో తుపాకీకి పెట్టేవాళ్ళం, అదీ తూటా నింపి. ఆయుధం ఖాళీ కడుపుతో పూజకు కూర్చోకూడదనేది నాన్న పట్టు. మర్నాడు దశమినాడు తోటకు తీసుకెళ్ళి, చెరువు మీది ఆకాశంలోకి పేల్చేవాడు. కొంగలన్నీ ఒక్కసారి లేచేవి. పూజలో నింపిన తూటాను చేత్తో బయటికి తీయకూడదు, అది గొట్టం గుండానే పోవాలి. తూటా అందించడం నా వంతు. పేల్చడం ఆయన వంతు. నాకు తన వంతు నేర్పాలని ఆయనకు తోచలేదు, నేర్చుకోవాలని నాకూ తోచలేదు.

ఆయన జబ్బు పడ్డప్పుడే తోట అమ్మేశాం. ఆయన పోయాక వచ్చిన మొదటి దసరాకు నేనొక్కదాన్నే పూజ చేశాను. తుపాకీని తుడిచి, మడిచి, తూటా పెట్టి, మూసి, బంతిపూల దండ వేశాను. దశమి వచ్చింది, పోయింది. తోట లేదు, పేల్చే మనిషి లేడు.

నేను చట్టం తెలియని మనిషిని కాను. ఆయుధాల చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. కాలేజీ గ్రంథాలయంలో కూర్చుని చదివాను. లైసెన్సు ఉన్న మనిషి పోతే ఇల్లూ వాకిలీ వారసులకు వస్తాయిగానీ ఆ లైసెన్సు రాదు. తుపాకీని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో జమ చేయాలి. ఆయన వేసవిలో పోయాడు, అప్పటినుంచీ ఆలస్యం చేశాను. ఇంక చాలు, పూజ కూడా అయిపోయింది, అప్పగించేద్దామనుకున్నాను. తూటా సంగతి? పోలీసులకు పేల్చే చోటు ఉంటుంది, పేల్చేవాళ్ళూ ఉంటారు. ముందు పేల్చండి, తర్వాత జమ చేసుకోండి అని చెబుదామనుకున్నాను. అప్పుడు నాకది ఎంతో సబబుగా తోచింది. ఇంతమంది నవ్వాక ఇప్పటికీ అలాగే తోస్తుంది.

తుపాకీని నాన్న పంచెలో చుట్టి, తాడు కట్టి, సిటీ బస్సెక్కాను.

కండక్టరు నాకు టికెట్టిచ్చి, నా పక్కన నిలబెట్టిన మూటకేసి చూశాడు. "దీనికీ లగేజి టికెట్టు తీసుకోండమ్మా."

"లగేజి అంటే సీటు ఆక్రమించేది. ఇది నా కాళ్ళ దగ్గరుంది. దీనికి టికెట్టెందుకు?"

"రూల్సు ఉండాదమ్మా. మూట ఉంటే టికెట్టే. సుమ్నే ఊరికే గలాటా చేస్తే ఎట్ల?"

"ఏ రూలు? చూపించు. గొడుగుకు తీసుకుంటావా? చేతికర్రకు తీసుకుంటావా?"

"గొడుగు ఇంత పొడుగుంటాదా? ఏముండాది దాంట్లో, గడ్డపారనా?"

ఆ మాటకు ఊరుకుని లగేజి టికెట్టు తీసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ వాదనలో ఒకడు తప్పు చెబితే దిద్దకుండా ఉండడం నాకు చేతకాదు. "గడ్డపార కాదు. తుపాకీ" అన్నాను.

ముందు సీట్లో ముసలామె వెనక్కి తిరిగి చూసింది. కండక్టరు నవ్వాడు. "సరే, తుపాకి. నిండుగుండాదా ఖాళీనా?"

"నిండుగానే ఉంది. ఖాళీదైతే టికెట్టు మానేస్తావా?"

అతను నవ్వుతూనే మూట మీద చెయ్యేసి తడిమాడు. నవ్వు పోయింది. ఈల ఊదాడు. బస్సు ఆగాక జనం దిగిన వేగం చూస్తే నా పాఠం ముగిసే గంటకు లేచే విద్యార్థినులు గుర్తొచ్చారు. కూడలిలో ఉన్న కానిస్టేబులు వచ్చేసరికి బస్సులో నేనూ తుపాకీ మాత్రమే మిగిలాం. నేను వెళ్ళాలని బయల్దేరిన స్టేషనుకే అతను నన్ను నడిపించుకుని వెళ్ళాడు. తేడా ఏమిటంటే, తుపాకీ అతని చేతిలో ఉంది.

ఎస్సై చిన్నవాడు, నా విద్యార్థినులకు అన్న వయసు. తుపాకీ మడిచి చూసి, తూటాను చేత్తో బయటికి లాగి బల్ల మీద పెట్టాడు. నేను అడ్డం చెప్పేలోపే అది జరిగిపోయింది.

"లైసెన్సు ఎవరి పేరున ఉందమ్మా?"

"మా నాన్న పేరున."

"ఆయన్ని పిలిపించండి."

"మీరు పిలిపించగలిగితే నాకూ సంతోషమే."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "ఖాళీ తుపాకీ తెచ్చి ఈ బల్ల మీద పెట్టుంటే రసీదిచ్చి పంపేవాణ్ణి. ఇప్పుడేమైంది చూడండి. లైసెన్సు లేని మనిషి, నింపిన తుపాకీ, బస్సు నిండా జనం, అంతమంది సాక్షులు. మూడేళ్ళ దాకా జైలు వేయొచ్చు. కేసు రాయకపోతే నా ఉద్యోగం పోతుంది."

మూడేళ్ళు. జైలు పడితే కాలేజీ ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే మాట్లాడడానికి నాకు మనుషులు ఉండరు. తరగతిలో నా మాట వినక తప్పని ఆ అమ్మాయిలు తప్ప నా మాట వినేవాళ్ళు అప్పటికే లేరు.

మధ్యాహ్నం మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. ఆడమనిషి గనక జామీను ఇస్తానన్నాడు. ఊళ్ళో సొంత ఇల్లున్న మనిషి ఒకరు నా తరఫున పూచీ పడాలి, లేదంటే రిమాండు. "ఎవరొస్తారు?" అని అడిగాడు.

నాకు అంతవరకూ ఏ ప్రశ్నా కష్టమనిపించలేదు. మా మేనమామ కొడుకు? వాడి కూతురి పెళ్ళిలో పురోహితుడితో వాదించానని నన్ను పిలవడం మానేశాడు. ప్రిన్సిపాలు? ఆమె పెట్టిన జీతం కోతల గురించి అధ్యాపకుల సమావేశంలో నేనన్న మాట ఆమె మర్చిపోయే మాట కాదు. నాన్న స్నేహితులు ఆయనతోపాటే రావడం మానేశారు. ఒక్కొక్క తలుపు దగ్గరికి మనసులోనే వెళ్ళి, తట్టకుండానే తిరిగొచ్చాను. "ఆలోచించి చెబుతాను" అన్నాను. జీవితంలో నేను ఆ మాట వాడింది అప్పుడే.

అప్పుడు వెనక నుంచి గొంతు వినిపించింది. "నేను పడతా సామీ పూచీ."

మా పక్కింటాయన. పట్టునూలు వ్యాపారం చేసి మానుకున్న మనిషి, నాన్నకు తమ్ముడి వరస కలుపుకుని తిరిగినవాడు. చిన్నప్పటినుంచీ ఆయన్ని చిన్నాయనా అని పిలిచేదాన్ని. నాన్న మంచాన పడ్డ ఏడాది ఆయన పెరటి గోడ ఎత్తు పెంచుతూ మా వైపు జానెడు జరిపాడు. మా వంటింటి కిటికీకి వెలుగు పోయింది. నాన్న వద్దంటున్నా సివిలు కోర్టులో దావా వేశాను. ఆ రోజు నుంచి చిన్నాయన అన్న పిలుపూ పోయింది. నా చిరునామా నిజమేనా అని అడగడానికి కానిస్టేబులు మా వీధికి వెళ్ళాడట. ఈయన ఇంటి పన్ను రసీదు చంకలో పెట్టుకుని వాడి వెంటే వచ్చేశాడు.

"ఈమె మీకేమవుతారు?" అన్నాడు మేజిస్ట్రేటు.

"నా మీద కేసేసిన మనిషి సామీ."

మేజిస్ట్రేటు కలం ఆపాడు. "మీ మీద కేసు వేసిన మనిషికి మీరు పూచీనా?"

"అందుకే సామీ. ఈ యమ్మ పారిపోతుందేమోనని కదా మీ భయం. యాడికీ పోదు. నా గోడ కూలగొట్టించేదాంకా ఈ ఊరు వదల్దు. వాయిదాలకు నాకన్నా ముందే వచ్చి కూర్చుంటాది. తమరు పొమ్మన్నా పోయే రకం కాదప్పా."

కోర్టు నవ్వింది. నేను నవ్వలేదు. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజం. నేనెక్కడికీ పోనని అంత నమ్మకంగా చెప్పగలిగిన మనిషి ఊరు మొత్తంలో ఆయనొక్కడే.

బయటికొచ్చాక ఆయన నాతో మాట్లాడలేదు. దావా నడుస్తుండగా ఎదుటి పక్షంతో మాట్లాడితే కేసు చెడుతుందని ఆయన నమ్మకం. కోర్టు వరండా స్తంభానికి చెప్పాడు. "కాఫీ తాగేవాళ్ళుంటే ఆ మూల అంగడిలో బాగుంటాదప్పా."

నేనూ స్తంభానికే చెప్పాను. "తాగేవాళ్ళు ఇంటికెళ్ళి తాగుతారు."

ఆ కేసు వేసవి దాకా సాగింది. కేసు నడపడానికి కలెక్టరు అనుమతి రావాలని కొన్ని వాయిదాలు, సాక్షి కండక్టరు రాలేదని కొన్ని. ప్రతి వాయిదాకూ పక్కింటాయన వచ్చేవాడు. రానక్కర్లేదని నా వకీలు చెప్పినా వచ్చేవాడు. బెంచీకి ఆ చివర ఆయన, ఈ చివర నేను. "పోలీసోళ్ళు కూడా ఎవురితో పెట్టుకోకూడదో తెలుసుకుంటా ఉండారు" అని స్తంభానికి చెప్పేవాడు. కాలేజీలో నా వెనక గుసగుసలు ఉండేవి, ఎదుట మర్యాద ఉండేది. మర్యాద ఎక్కువ ఇబ్బందిగా ఉండేది. ఆదివారాలు ఇంట్లో ఏం చేయాలో తెలిసేది కాదు. తుపాకీ స్టేషనులో ఉంది. దానికి ఎవరైనా నూనె రాస్తున్నారా అని ఎస్సైని ఒకసారి అడిగాను. అతను నన్ను చూసి జాలిపడ్డాడు. అది నాకు నచ్చలేదు.

చివరి వాయిదాకు నేను వాదన సిద్ధం చేసుకున్నాను. చట్టానికి లోబడడానికి వెళుతున్న మనిషిని చట్టం దారిలో పట్టుకోవడం ఏం న్యాయమని మొదలుపెట్టి, కాగితం చూడకుండా చాలాసేపు చెప్పాను. మేజిస్ట్రేటు ఓపికగా విన్నాడు. విని, ఒకే ఒక్కటి అడిగాడు.

"అదంతా సరే. మీ తండ్రిగారు పోయిన మర్నాడే ఇవ్వాల్సింది. అన్ని నెలలు ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారు? చట్టం తెలియదా?"

"తెలుసు."

"మరి?"

దీనికి కూడా జవాబు రాసుకునే వచ్చాను. అది నోటికి రాలేదు. "దానికి వారం వారం నూనె రాయాలి" అన్నాను.

నేనింకా ఏదో చెబుతాననుకుని ఆయన ఆగాడు. నేను కాగితం మడుచుకున్నాను. సర్కారు వకీలు కుర్చీలోంచి లేవలేదు. కోర్టులో నేను మాట్లాడాక ఎవరూ ఎదురు చెప్పకపోవడం అప్పుడే చూశాను. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.

నేరం రుజువైంది. ఉద్దేశం చెడ్డది కాదు గనక జైలుకు పంపలేదు. జుల్మానా వేసి, కోర్టు లేచేదాకా ఖైదు అన్నాడు. అంటే ఆ రోజు పని ముగిసి మేజిస్ట్రేటు కుర్చీలోంచి లేచేదాకా అక్కడ కూర్చోవాలి, అదే శిక్ష. తుపాకీ సర్కారుకు జప్తు. కాలేజీ వాళ్ళు హెచ్చరిక ఇచ్చి, ఇంక్రిమెంటు ఆపి, ఉద్యోగం ఉంచారు.

బెంచీ మీద కూర్చున్నాను. పూచీ ముగిసింది, పక్కింటాయన ఇంటికి పోవచ్చు. పోలేదు. ఆ చివర కూర్చుని మధ్యాహ్నం కాసేపు కునికాడు. సాయంత్రం మేజిస్ట్రేటు లేచాడు, అందరం లేచాం. వరండాలో ఆయన స్తంభానికి చెప్పాడు. "అన్న ఉండుంటే ఇంత దూరం రానిచ్చేవాడు కాదు." ఇద్దరం ఒకే వీధికి వేరువేరు దారుల్లో వెళ్ళాం. ఆ తర్వాత ఆయన కనిపించడం కూడా మానేశాడు. గోడకు అవతల దగ్గు మాత్రం వినిపించేది.

ఆ ఆదివారం నూనె సీసా తీశాను. రాయడానికి ఏమీ లేక వీధి తలుపు బందులకు రాశాను. అవి చప్పుడు చేయడం మానేశాయి. ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. ఆ పని చేయకుండా ఉండాల్సింది.

ఎండలు తగ్గాక గోడ దావా వాయిదా వచ్చింది. కొలతల నివేదిక నాకు అనుకూలంగా ఉంది, ఇంకొక్క వాయిదాలో తీర్పు వచ్చేస్తుందని నా వకీలు ఉత్సాహంగా ఉన్నాడు. ఆయన వకీలు ఎప్పటిలాగే గడువు అడిగాడు. అభ్యంతరం చెప్పడానికి నా వకీలు లేవబోతుంటే వెనకనుంచి అతని గౌను పట్టుకుని లాగాను.

"అభ్యంతరం లేదని చెప్పండి."

"గెలిచే కేసమ్మా ఇది."

"తెలుసు. చెప్పండి."

చెప్పాడు. వాయిదా పడింది. వరండాలో పక్కింటాయన స్తంభం దగ్గర నిలబడి చెప్పులు వేసుకుంటున్నాడు.

"మళ్ళా వాయిదానా అప్పా" అన్నాడు స్తంభంతో. "సరే, వస్తాం. మేం మాత్రం యాడికి పోతాం."

"వచ్చేటప్పుడు మూల అంగడిలో కాఫీ తాగేవాళ్ళు తాగొచ్చు" అన్నాను నేను, స్తంభంతోనే.