పన్నెండో కూర్పులో లేని మాట

ఏ మాటనైనా తీసేసే ముందు ఆమె పెన్సిల్ మొన దాని కింద ఆనించి, పెదాలు కదుపుతూ ఆసాంతం ఒకసారి చదివేది. చదివాక పెన్సిల్ తిప్పి, వెనక కొసతో కాగితం మీద రెండుసార్లు తట్టేది. ఆ తర్వాతే గీత. ఇరవై రెండేళ్లుగా అదే వరస. పక్క బల్ల దగ్గర ప్రూఫులు దిద్దే ఆవిడ తలెత్తకుండానే అడిగేది.

"చివరి చూపు అయిందా అక్కా?"

"అయింది."

"పాపం, ఏం నేరం చేసిందట?"

"ముసలిదైంది."

ఆఫీసులో అందరూ ఆమెను పేజీలక్క అనేవారు. ఆ కంపెనీ ఒక ప్రోగ్రామింగ్ భాషను తయారు చేసి అమ్మేది. మోటార్లను, వాల్వులను, మంటలను అదుపులో పెట్టే చిన్న ఇనప పెట్టెలుంటాయి. వాటికి పని చెప్పే భాష అది. అందులో ఏయే మాటలున్నాయి, ఏ మాట ఏం చేస్తుంది అని వివరించే మాన్యువల్ పేజీలక్క చేతుల్లో ఉండేది. ఆరువందల పేజీల పుస్తకం. ఏటికేడు కొత్త మాటలు వచ్చి చేరేవి. పాతవి పోకపోతే ఈ బండను ఎవరు మోస్తారు అనేవాడు మేనేజరు.

పోవడానికి ఒక పద్ధతి ఉంది. ఒక కూర్పులో ఆ మాట పక్కన "ఇకపై వాడవద్దు" అని వేస్తారు. తర్వాతి కూర్పులో దాన్ని పుస్తకం చివరకు, చిన్న అక్షరాల్లోకి నెడతారు. వాడేవాళ్లెవరూ ఉత్తరం రాయకపోతే మూడో కూర్పులో అది ఉండదు. పుస్తకంలో లేనిదాన్ని కింది అంతస్తు ఇంజనీర్లు భాషలోంచి కూడా తీసేస్తారు. పాత ప్రోగ్రాములున్న వాళ్లు ఇబ్బంది పడకూడదని వాళ్లొక దయ చూపించారు. తెలియని మాట ఎదురైతే పెట్టె గోల చేయదు. ఆ వరుస వదిలేసి కింది వరుసకు వెళ్తుంది.

మేనేజరు ఉత్తరాల ట్రేలో చెయ్యి పెట్టి, ఖాళీ చెయ్యి బయటికి తీసి చూపించేవాడు. "మౌనం అర్ధాంగీకారం."

పెట్టె సరిగ్గా నడిచినంత కాలం ఎవరూ మాన్యువల్ తెరవరన్న సంగతి ఆ భవనంలో ఎవరికీ తట్టలేదు. అక్కడ అందరూ రోజూ మాన్యువల్ తెరిచేవాళ్లే.

పన్నెండో కూర్పులో ఇరవై ఆరు మాటలు పోయాయి. వాటిలో "హోల్డ్" ఒకటి. దాని పని చిన్నది. కొలత చెప్పే తీగ నుంచి కొలత రాకపోతే అన్నీ ఆపి, మనిషి వచ్చి చూసేదాకా కదలకుండా ఉండాలి. అదే పని చేసే కొత్త మాటలు రెండున్నాయి. ఆరేళ్లలో హోల్డ్ గురించి ఉలుకూ పలుకూ లేదు. పేజీలక్క చదివింది, తట్టింది, కొట్టేసింది. పుస్తకం పదకొండు పేజీలు తగ్గింది. ఆమెకు సంతోషం కలిగింది. సర్దిన అల్మారాను చూస్తే కలిగే సంతోషం.

ఆదివారం తమ్ముడి ఇంట్లో భోజనం. ఆమెకు నా అన్నవాడు వాడొక్కడే. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్లు. జడ వేసుకునే వయసులో చంకన వేసుకుని పెంచింది. ఇప్పుడు ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో బాయిలర్ చూసుకుంటాడు.

"మీ కంపెనీ చల్లగా ఉండాలి అక్కా," అన్నాడు కంచం ముందు కూర్చుంటూ. "బుధవారం మీ మెకానిక్ వచ్చి పెట్టెలో కొత్త వెర్షన్ వేసి పోయాడు. ఆ రోజు నుంచి బాయిలర్ ఒక్కసారీ ఆగలేదు."

"ముందు ఆగేదా?"

"వారానికి రెండు మూడుసార్లు. నీళ్ల మట్టం చెప్పే తీగ ఒకటి ఏడిచింది, వదులు తీగ. కొలత అందదు. అంతే, మంట ఆర్పేసుకుని కూర్చునేది. నేను పరిగెత్తి తీగ కదిపి మళ్లీ వెలిగించాలి."

"అలిగిన అత్తగారు," అంది మరదలు గిన్నె తెస్తూ. "ఈయన బతిమాలితే గానీ లేవదు వదినా."

"ఇప్పుడా అలక లేదు. మా సూపర్‌వైజరు మొన్న నన్ను పేరు పెట్టి పిలిచాడు. పదకొండేళ్లకి."

పేజీలక్క చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లలేదు.

"తీగ బాగు చేశారా?"

"దాన్నెవడు ముట్టుకున్నాడు?"

"మరి కొలత రానప్పుడు ఏం చేస్తోంది?"

"ఏం చేస్తుంది? నడుస్తోంది."

ఆమెకు ఆ ప్రోగ్రాం చూడకుండానే కనపడింది. కొలత రాకపోతే, అని ఒక వరుస. దాని కింద హోల్డ్, పెట్టెకు ఇప్పుడు తెలియని మాట. ఆ కింది వరుసలో మంట.

"బాయిలర్‌లో నీళ్లు అయిపోయి మంట ఆగకపోతే ఏమవుతుంది?" అంది.

"గోడ ఉండదు," అన్నాడు నములుతూ. "గోడ పక్కన మేమూ ఉండం. ఎందుకొచ్చిన మాటలు, ఇంకాస్త పెట్టించుకో."

ఆమె చెప్పింది. హోల్డ్ అంటే ఏమిటో, దాన్ని ఎవరు కొట్టేశారో కూడా చెప్పింది. తమ్ముడు నమలడం మానేశాడు. మరదలు గిన్నె కింద పెట్టలేదు, వడ్డించలేదు.

"రేపే మీవాళ్లకు చెప్పు," అంది పేజీలక్క.

"ఏమని? మా అక్క ఒక మాట కొట్టేసింది, లాండ్రీ మూసెయ్యండి అనా?"

"అవును. అలాగే చెప్పు."

సోమవారం పొద్దున మేనేజరు ఆమె చెప్పింది పూర్తిగా విన్నాడు. చెడ్డవాడు కాదు. మధ్యలో ఫోను మోగితే తీయలేదు కూడా.

"వాడేవాళ్ల నుంచి ఉత్తరం రావాలిగా," అన్నాడు చివరికి.

"వాళ్లకు తెలియదు సార్. బాగా నడుస్తోందని సంబరపడుతున్నారు."

ఆయన కింది అంతస్తుకు ఫోను చేశాడు. పాత వెర్షన్ పట్టుకుని మెకానిక్ శుక్రవారం వెళ్లగలడు. అంతకుముందు కుదరదు, ఊళ్లో లేడు.

"హోల్డ్ ఇంకా ఎక్కడెక్కడ ఉంది?" అని అడిగింది.

"మనం అమ్మేది భాషనమ్మా. ఎవరు ఏ మాట వాడుకుంటున్నారో మనకెలా తెలుస్తుంది?" ఆయన చెయ్యి అలవాటుగా ట్రే వైపు పోయింది. దానిలో పెట్టకుండానే వెనక్కి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆమె తమ్ముడి ఇంటికి వెళ్లేసరికి వాడు చొక్కా విప్పకుండా గడప మీద కూర్చుని ఉన్నాడు.

"నువ్వు ఫోనులో చెప్పినదంతా సూపర్‌వైజరుకు చెప్పాను. మెకానిక్ శుక్రవారం వస్తాడుగా, అప్పటిదాకా నువ్వే ఒక కన్నేసి ఉంచు అన్నాడు. ఆసుపత్రులకు దుప్పట్లు ఆగకూడదట. మట్టం చూసుకోవడానికి గాజు గొట్టం ఉంది కదా అన్నాడు."

"చూస్తూ కూర్చుంటావా?"

"ఎలా కూర్చుంటాను? పైపులు చూడాలి, పంపు చూడాలి, అటు ఉతికేవాళ్లు పిలిస్తే పోవాలి."

"రేపు నేనొస్తా."

"నువ్వొచ్చి ఏం చేస్తావు?"

"గొట్టం చూస్తా."

"నవ్వుతారక్కా. అక్కను కాపలా తెచ్చుకున్నాడంటారు."

"తీసుకెళ్లండి," అంది మరదలు లోపల్నుంచి. గొంతు పెంచలేదు. వాడు లేచి చొక్కా విప్పుకుంటూ లోపలికి వెళ్లాడు.

మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్లలేదు. వెలుగు రాకముందే తమ్ముడి వెంట లాండ్రీ వెనక గుమ్మంలోంచి లోపలికి నడిచింది. బాయిలర్ గది తలుపు ఇనపది. లోపల తడి సున్నం వాసన. అవతలి గోడ వెనక ఆడవాళ్ల నవ్వులు, దుప్పట్ల బళ్ల చక్రాల చప్పుడు. ఆ గోడ ఎంత మందమో ఆమె అడగలేదు. గాజు గొట్టం మూరెడు పొడవుంది. నీళ్లు దాని సగం దాకా ఉన్నాయి. దాని ఎదురుగా స్టూలు వేసుకుని కళ్లద్దాలు తుడుచుకుంది.

"నేను ఆపు అంటే ఆపెయ్యాలి," అంది. "ఎందుకని అడగొద్దు."

"సరే."

వాడు వెలిగించాడు. మంట గురక పెట్టింది. ఒక గంట గడిచింది, రెండో గంట గడిచింది. సూపర్‌వైజరు తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్లాడు. పొద్దున తొమ్మిది గంటలు దాటాక, పెట్టె మీద వెలిగే నీటి మట్టం అంకె మాయమైంది. దాని చోట రెండు అడ్డగీతలు. మంట తగ్గలేదు. ఆమె పెట్టెను చూడటం లేదు. గొట్టంలో నీళ్లు వేలెడు దిగాయి, మరో వేలెడు దిగుతున్నాయి.

"ఆపు," అంది.

తమ్ముడు చేతిలో పానా కింద పడేసి ఎర్ర బొత్తాం నొక్కాడు. గదిలో చప్పుడు పోయింది. గోడ అవతల చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. బాయిలర్ చల్లబడేదాకా ఆగారు. తర్వాత వాడు తీగ కదిపి, అంకె వచ్చేదాకా పట్టుకుని, పంపుతో నీళ్లు నింపి, మళ్లీ వెలిగించాడు.

ఆమె స్టూలు ఇంకాస్త దగ్గరకు జరుపుకుంది.