చుక్క మిగలని బండి

బాలనర్సమ్మకు ముందు వరసలో ఒక పన్ను లేదు. పెళ్లయిన మూడో ఏడు, కూరలో ఉప్పు ఎక్కువైందని ఎల్లం విసిరిన చెంబు తగిలి పోయింది. కుడి చెవి సగమే వినిపిస్తుంది. అదీ అతని చెయ్యే. ఈ సంగతులు చెప్పేటప్పుడు ఆమె గొంతు పెరగదు, తగ్గదు. బోరింగులో ఏ వాషరు అరిగిందో చెప్పినట్టే చెబుతుంది. ఎల్లం ఎడమ మణికట్టు వంకర గురించి చెప్పినా అంతే. అది మాత్రం ఆమె చెయ్యి.

ఊరు కౌడిపల్లి పక్కన. తొంభై రెండులో ఆడవాళ్లకు బోరింగు రిపేరు నేర్పుతామని మండలాఫీసువాళ్లు పిలిస్తే, మధ్యాహ్నం అన్నం పెడతారని వెళ్లింది. పది రోజులయ్యేసరికి వంద అడుగుల లోతు నుంచి ఇనుప రాడ్లు లాగడంలో మగవాళ్లను మించింది. చివరి రోజు ఒక సంచి ఇచ్చారు. అందులో మూరెడు పొడుగు పైపు పాన ఉంది. ఇంట్లో ఆ పాన మూలన పడి ఉంటే ఎల్లం దాన్ని చూసి నవ్వేవాడు. ఒకనాడు అతను కట్టె ఎత్తేసరికి ఆమె చేతికి అదే దొరికింది. మణికట్టు విరిగిన చప్పుడు ఎండు కంది కట్టె విరిగినట్టు ఉందని చెబుతుంది. ఆ మధ్యాహ్నమే సంచి భుజాన వేసుకుని మెదక్ బస్సు ఎక్కింది. వెనక నుంచి ఎల్లం అరిచిన మాట ఒక్కటే గుర్తుంది: తిండి లేక మళ్లీ ఈ గడపలోకే వస్తావు.

మెదక్‌లో పదేళ్లు బోరింగుల మీదే బతికింది. ఆ తరువాత ఇంటింటికీ బోరు మోటార్లు దిగాయి. బజారు బోరింగులకు ఒక్కొక్కదానికి హ్యాండిలు పోయింది, పిల్లలు వాటి మొండేల మీద కూర్చుని ఆడుకునేవారు. పని లేక ఒక పూట తిని ఒక పూట మానుకుంటున్న రోజుల్లో, ఊళ్లు తిరిగి కళ్లు చూసే ఒక ట్రస్టువాళ్లు ఆమెను పిలిపించారు. వాళ్ల దగ్గర ఒక ఇల్లుబండి ఉండేది. ఎవరో విదేశీ మొగుడూపెళ్లాలు దేశాలు తిరగడానికి కట్టించుకున్నది. లోపల రెండు మంచాలు, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, చిన్న పాయఖానా, నేల కింద రెండు వందల లీటర్ల ఇనుప టాంకీ. ముసలితనం వచ్చి తిరగలేక ట్రస్టుకు ఇచ్చి వెళ్లారు. విశాఖ రేవులో దిగిన బండి కాబట్టి నంబరు అక్కడిదే. ఆ బండి నీళ్ల పని బాలనర్సమ్మకు అప్పజెప్పారు. నెల జీతం, కాంపౌండులో ఒక గది. ఎల్లం అన్న మాట అబద్ధమైంది ఆ గదితోనే.

ఆ గది ఒకసారి చేజారబోయింది. బోరింగు పని నేర్పినాయన మొదటి రోజే చెప్పిన సంగతి ఆమెకు ఒంట్లోకి ఇంకిపోయింది: తోలు వాషరు ఎండితే పగులుతుంది, పగిలితే నీళ్లు ఎత్తదు. అందుకే ఏ పంపు విప్పినా చెంబెడు నీళ్లు పోసి తడిపిగానీ లేచేది కాదు. బండిలో తొట్టి పక్కన ఉన్నది కూడా చేత్తో కొట్టే తోలు వాషరు పంపే. రెండు వేల ఎనిమిది వానాకాలం మూడు నెలలు బండి కదలకుండా ఉంటుందని తెలిసి, వాషర్లు ఎండకూడదని పైపుల నిండా నీళ్లు ఉంచింది. మూడు నెలల తరువాత డాక్టరమ్మ చేతులు కడుక్కోబోతే నల్లాలోంచి పురుగులు పడ్డాయి. వాసనకు ఆ రోజు క్యాంపు ఆగిపోయింది. కాంపౌండు చూసుకునే యోసేపు సారు రిటైరైన పంతులు, మాట తక్కువ మనిషి. అందరి ముందూ అన్నాడు: "ఇంకోసారి గిట్లయితే నువ్ కౌడిపల్లి బస్సెక్కుడే, నర్సమ్మా."

ఎల్లం కొట్టిన దెబ్బలన్నీ కలిపినా అంత నొప్పి కాలేదట.

రెండు వేల తొమ్మిది చలికాలం. డిసెంబరు తొమ్మిదిన తెలంగాణ ఇస్తామన్న మాట వచ్చింది, ఇరవై మూడున వెనక్కి పోయింది. బస్సుల అద్దాలు పగులుతున్నాయి, టైర్లు కాలుతున్నాయి, రామాయంపేట దారిలో లాఠీలు విరుగుతున్నాయి. కళ్ల క్యాంపులు ఆపేసి, పరిస్థితి చక్కబడేదాకా బండిని నిలిపి ఉంచమని డాక్టరమ్మ ఫోను చేసింది. యోసేపు సారు బీరువాలోంచి ఒక కాగితం తీశాడు. బండి ఇచ్చినవాళ్లు చలికాలానికి పైపులు ఎట్లా ఖాళీ చేయాలో అంకెలు వేసి రాసి పెట్టిన కాగితం అది. సారు చదివి చెబుతుంటే బాలనర్సమ్మ బండి మెట్టు మీద కూర్చుని విన్నది.

"నీళ్లుంటే గడ్డకట్టి పైపులు పల్గుతయంట."

"గడ్డకట్టేది పుల్ల ఐసు డబ్బల, సారూ. మెదక్‌ల గాదు."

"వాండ్లు రాసిండ్రు. రాసినట్టు చెయ్యి. చుక్క ఉండొద్దు."

మర్నాడు పొద్దున మొదలుపెట్టింది. కాంపౌండులో కాలువ లేదు. ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఏ బోరింగు పక్కనైనా ఇంకుడు గుంత తీసేది. అట్లాగే టాంకీ అడుగు మూత కింద, బండి వెనక చక్రం పక్కన, నల్లరేగడిలో మోకాలి లోతు గుంత తీసింది. మూత విప్పితే నీళ్లు గుంత నిండి పక్కకు పారాయి. లోపలి నల్లాలు, బండి బయటి పక్కనున్న నల్లా అన్నీ తెరిచింది. తొట్టి కింద వంపు పైపులో దాగిన నీటిని మరచెంబుతో పట్టింది. పాయఖానాలో నీళ్లు వదిలే కాలి మీట తొక్కి తొక్కి దాన్నీ ఖాళీ చేసింది. ఆఖరున ఒక కొసకు సైకిలు పంపు పెట్టి గాలి కొట్టింది. ఎడమ చెవి నల్లాకు ఆనించి, లోపల బుడబుడ ఆగి ఉత్త గాలి ఈల వేసేదాకా కొడుతూనే ఉంది. తోలు వాషర్లను మాత్రం అట్లా వదలబుద్ధి కాలేదు. విప్పి తన గదిలో ఉన్న ఆముదం డబ్బాలో వేసింది. యోసేపు సారు వచ్చి నల్లాలన్నీ తిప్పి చూసి తల ఊపాడు.

ఆమె పాన తుడుచుకుంటుండగా గేటు మీద మొదటి రాయి పడింది.

నలభై యాభై మంది ఉంటారు. ముందున్న కుర్రాళ్లలో చాలామందికి ఆమె తెలుసు. అంతకుముందు వారమే బస్టాండు దగ్గర రిలే దీక్షలో వాళ్ల పక్కన మూడు రోజులు కూర్చుంది. గేటు విరిగి లోపలికి వచ్చినవాళ్లు ఆమెను చూసి కొంత తగ్గారు. ఒకడు నర్సక్కా నువ్వు పక్కకు జరుగు అన్నాడు మర్యాదగానే. ఇది కళ్ల దవాఖాన బండి, మీ అవ్వలు ఇందులోనే చూపించుకున్నారు అని ఆమె చెబుతోంది. కొందరు వెనక్కి తిరిగారు కూడా.

అప్పుడు వెనక నుంచి వంకర మణికట్టు ఒకటి పైకి లేచింది.

"నంబరు జూడుండ్రి. అది ఆంధ్రోళ్ల బండి."

ఎల్లం. దేనికి మెదక్ వచ్చాడో, ఎన్నాళ్లుగా ఈ గేటు చూసి పోతున్నాడో ఆమెకు తెలియదు. విశాఖ నంబరు చూసినవాళ్ల ముఖాలు మారాయి. రాళ్లు లేచాయి. యోసేపు సారు అడ్డం వస్తే ఎవరో ఛాతీ మీద తన్నారు, ఆయన గోడకు కొట్టుకుని కూలబడ్డాడు. బాలనర్సమ్మ తలుపుకు వీపు ఆనించి పాన తిప్పింది. మొదట వచ్చినవాడి భుజం మీద పడింది, వాడు కేకపెట్టి కూర్చున్నాడు. రెండోవాడి వేళ్లు. అంతలో ఒక రాయి ఆమె నుదురు పగలగొట్టింది. కళ్లలోకి నెత్తురు దిగి చూపు మసకబారింది. ఇద్దరు ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకుని మెట్టు మీంచి కిందికి లాగారు. పాన చేజారలేదు. ఎల్లం చేతిలో అయిదు లీటర్ల డబ్బా ఉంది. లోపలికి ఎక్కుతూ ఆమె మంచి చెవి దగ్గరికి వంగాడు. మిగతావాళ్లకు వినిపించనంత మెల్లగా అన్నాడు:

"బండి గాలినంక యాడికి పోతవ్? ఇంటికే రావాలె గద."

ఆమెను పట్టుకున్నవాళ్లు ఆ మాట వినలేదు. ఆమెకు మాత్రం ఆ ఒక్క మాటతో సంగతంతా తెలిసిపోయిందంటుంది. ఇన్నేళ్ల తరువాత, రాష్ట్రమంతా భగ్గుమంటున్న రోజు, ఆ మనిషి వెతుక్కుంటూ వచ్చింది బండితో పాటు ఆమె గదిని కాల్చడానికి.

ఎల్లం కిటికీలు మూసిన బండిలో పెట్రోలు పోశాడు. మంచాల మీద, తెరల మీద, కొంత తన లుంగీ మీద. తలుపు దగ్గరికి వచ్చి అగ్గిపుల్ల గీశాడు. పుల్ల కింద పడనే లేదు. గాలే అంటుకుంది. ధామ్మని అద్దాలు ఎగిరాయి. ఆమెను పట్టుకున్నవాళ్లు వదిలేసి పరిగెత్తారు. ఎల్లం రెండు చేతులూ మండుతూ, లుంగీ మండుతూ మెట్ల మీంచి దూకి గుడ్డిగా తిరిగాడు. గొంతులోంచి మాట రావడం లేదు, ఏదో జంతువు అరుపు వస్తోంది.

బాలనర్సమ్మ చెయ్యి అలవాటుగా బండి పక్క నల్లా మీదికి పోయింది. తిప్పింది. చుక్క రాలేదు. తానే పొద్దున చుక్క లేకుండా దింపింది. నల్లా ఒకసారి గాలి వదిలి ఊరుకుంది.

ఎల్లం గేటు వైపు పరిగెత్తబోయాడు. పరిగెత్తితే ఇంకా మండుతాడు. ఆమె అడ్డం వెళ్లి పానతో అతని మోకాలి వెనక కొట్టింది. అంత బలంగా ఎవరినీ కొట్టలేదంటుంది. అతను కూలగానే జుట్టు పట్టి ఈడ్చి వెనక చక్రం పక్కన గుంతలో తోసింది. ఇంకా ఇంకని నీళ్లు, అడుగున నల్లరేగడి బురద. వీపు మీద మోకాలు పెట్టి, ముఖం పైకెత్తి పట్టి, ఆ బురదలోనే దొర్లించింది. పైన బండి మండుతోంది. ఆమె కొంగు మాడింది, కనుబొమలు మాడాయి. బురద పొగలు కక్కి మంట ఆరిపోయేదాకా వదలలేదు. తరువాత కాళ్లు పట్టి బండికి దూరంగా లాగింది.

పోలీసులు వచ్చారు. గుంపు అప్పటికే లేదు. దొరికినవాళ్లు ముగ్గురే: గోడ దగ్గర కూలబడ్డ ముసలాయన, బురదలో కాలిన మనిషి, చేతిలో పాన ఉన్న ఆడమనిషి. లాఠీ మొదట ఆమె పిక్కల మీద పడింది. యోసేపు సారు చెయ్యి అడ్డం పెట్టి రెండు దెబ్బలు తిన్నాక గానీ ఎవరు ఎవరో వాళ్లకు అర్థం కాలేదు.

దవాఖానాలో ఎల్లం బతికాడు. రెండు చేతుల వేళ్లూ ముడుచుకుపోయి కొక్కేల్లా అయ్యాయి. ఎవరు కాల్చారని ఎస్సై అడిగితే బాలనర్సమ్మ మొగుడి పేరు చెప్పింది, మిగతావాళ్లు ఎవరో చూడలేదంది. అత్తింటివాళ్లు వచ్చారు. కేసు సంగతి వదిలేశారు, వాళ్లకు కావలసింది అన్నం తినిపించే మనిషి. ఇక బండి లేదు గదా, రమ్మన్నారు. ఎల్లం కోరిందే వాళ్ల నోట వచ్చింది.

ఆమె నేరుగా కాంపౌండుకు వెళ్లింది. యోసేపు సారు ముఖం తిప్పుకుని, బండే లేనప్పుడు జీతం ఎట్లా ఇస్తారు అన్నాడు. ఆమె బొగ్గయిన బండి కింద దూరింది. రెండు రోజులు అక్కడే ఉంది. పైన అంతా పోయింది. నేల కింద టాంకీ, ఇనుప పైపులు, మరలు మసి పట్టి అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటీ విప్పి, పీచుతో తోమి, గది ముందు వరసగా పేర్చింది. చివర ఆముదం డబ్బా పెట్టింది. పైపులు ఒకదానికొకటి బిగించి, యోసేపు సారును పిలిచి ఒక కొసకు సైకిలు పంపు పెట్టి ఇంకో కొస ఆయన చెంపకు ఆనించింది. గాలి తగిలింది. ఎక్కడా లీకు లేదు.

"ఇంకో డొక్కు బండి దెండ్రి, సారూ. కడుపు నా దగ్గరున్నది."

నాలుగు నెలలకు పాత మినీ బస్సు ఒకటి వచ్చింది. అందులో ఆ పైపులే, ఆ టాంకీయే, ఆముదంలో నానిన ఆ వాషర్లే. గది నిలిచింది.

ఆ ఎండాకాలం కౌడిపల్లిలో క్యాంపు పెట్టారు. వరసలో బెయిలు మీద ఉన్న ఎల్లం నిలబడ్డాడు. పొగకు కళ్లు దెబ్బతిన్నాయట. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లే ముందు ముఖం కడుక్కోవాలి. బస్సు పక్క నల్లా ముందు ముడుచుకున్న వేళ్లతో రెండుసార్లు ప్రయత్నించాడు. తిరగలేదు. ఎవరినీ అడగలేదు, కదలనూ లేదు.

బాలనర్సమ్మ పాన భుజాన వేసుకుని వచ్చింది. నల్లా సగం తిప్పింది. అతను ముఖం కడుక్కునేదాకా నిలబడింది. తరువాత గట్టిగా కట్టేసింది.

"జరుగు. ఎనక మంది ఉన్నరు."